నాలుగొందల గ్రాముల కోసం

మే నెలలో మహబూబ్‌నగర్‌లో పొద్దున ఆరున్నరకే ఎండ చురుక్కుమంటుంది. కుస్తీ ఎంపిక పోటీలు జరుగుతున్న గ్రౌండ్ చుట్టూ ఒక అబ్బాయి పరుగెత్తుతున్నాడు. ఒంటి మీద రెండు జాకెట్లు. వాటి లోపల, చెత్తబుట్టకు వేసే నల్ల ప్లాస్టిక్ కవర్‌కు చేతులు దూరేలా రంధ్రాలు చేసి తొడుక్కున్నాడు. చేతిలో ఖాళీ బాటిల్. నాలుగడుగులకోసారి అందులో ఉమ్ముతున్నాడు. నోరెండిపోయి ఉమ్మి రావడం లేదని చింతపండు చాక్లెట్ చప్పరిస్తున్నాడు. పిలిచి ఆపాను.

"ఎంత ఎక్కువున్నవ్ రా?"

"నాలుగొందల గ్రాములే సార్. గంటల దిగుత."

"ఎప్పుడు తిన్నవ్?"

"మొన్న రాత్రి సార్. నిన్నటి సంది నీళ్లు గూడ ముట్టలే."

పదహారేళ్లు వాడికి. మామూలుగా 58న్నర కిలోలుంటాడు, దిగుతున్నది 55 కిలోల విభాగంలో. ఎనిమిదింటికి కాంటా ఎక్కాడు, సరిపోయాడు. బయట వాళ్ల నాన్న సంతోషంగా బిర్యానీ పొట్లం పట్టుకుని నిలబడ్డాడు. రెండు రోజుల ఆకలి కదా, వాడు గబగబా తిన్నాడు. అరగంటకు మొత్తం వాంతి చేసుకున్నాడు. పదింటికి మొదటి కుస్తీ. అవతలివాడు అంతకుముందు రెండుసార్లు వీడి చేతిలో చిత్తయినవాడే. రెండో నిమిషం వచ్చేసరికి మనవాడి కాళ్లు కదల్లేదు, పట్టు నిలవలేదు. ఓడి లేచినప్పుడు పిక్క పట్టేసి నడవలేకపోయాడు.

ఆ తండ్రిని నేను తప్పు పట్టను. ఒక రోజు కూలి మానుకుని ఊరి నుంచి వచ్చిన మనిషి. కొడుకు ఆకలి మీదున్నాడని ఉన్నంతలో మంచి తిండి తెచ్చాడు. ఆయనకు ఎవరూ చెప్పలేదు. ఆ అబ్బాయికి చెప్పింది సీనియర్లు, వాళ్లకు చెప్పింది వాళ్ల సీనియర్లు. తిండి ఆపు, నీళ్లు ఆపు, చెమట తీయి. కుస్తీ, జూడో, బాక్సింగ్ పిల్లల మధ్య ఇన్నేళ్లుగా తిరుగుతున్నాను, ఈ మూడు మాటలే మంత్రంలా నడుస్తున్నాయి. వీటివల్ల కాంటా మీద అంకె తగ్గేది నిజమే. తగ్గిందేమిటన్నదే ఎవరూ అడగరు.

అంకె ఒకటే, లోపల సరుకులు ఐదు

కాంటా చూపించే అంకెలో ఐదు వేర్వేరు సరుకులు కలిసి ఉంటాయి: నీళ్లు, కండరాల్లో నిల్వ ఉండే చక్కెర, పేగుల్లో ఉన్న తిండి, కొవ్వు, కండ. బరువు తగ్గడమంటే వీటిలో ఏదో ఒకటి తగ్గడం. ఏది తగ్గిందో తెలియకపోతే మనం ఇంట్లో దూలం నరికి పొయ్యిలో పెట్టుకున్నట్టే.

నీళ్లతో మొదలుపెడదాం. 60 కిలోల మనిషిలో దాదాపు 36 కిలోలు నీళ్లే. లీటరు చెమట పోతే కిలో బరువు తగ్గుతుంది, అందుకే గంటలో ఫలితం కనిపిస్తుంది. కానీ ఆ నీళ్లలో కొంత రక్తంలోది. రక్తం పరిమాణం తగ్గితే గుండె ఎక్కువసార్లు కొట్టుకోవాలి, ఒళ్లు చల్లబడే దారి మూసుకుపోతుంది. ఒంటి బరువులో 2 శాతం నీళ్లు పోయినా ఆటలో దమ్ము తగ్గడం మొదలవుతుంది. 60 కిలోల వాడికి అది 1.2 కిలోలే. మన అబ్బాయి అంతకంటే ఎక్కువే పోగొట్టుకుని మ్యాట్ ఎక్కాడు.

తర్వాత చక్కెర. మనం తిన్న అన్నం, రొట్టె చివరికి గ్లైకోజెన్ అనే రూపంలో కండరాల్లో, కాలేయంలో నిల్వ ఉంటాయి. పెద్దవాళ్లలో మొత్తం సుమారు 400 నుంచి 500 గ్రాములు. ఒక్కో గ్రాము తనతో పాటు దాదాపు 3 గ్రాముల నీటిని పట్టుకుని ఉంటుంది. అందుకే మూడు రోజులు అన్నం మానేస్తే కిలో, కిలోన్నర ఇట్టే దిగిపోతుంది. "కొవ్వు కరిగింది సార్" అని పిల్లలు సంబరపడతారు. కొవ్వు అక్కడే ఉంది. దిగింది పోటీలో మండాల్సిన ఇంధనం. కుస్తీలో, బాక్సింగ్‌లో పది పదిహేను సెకన్లు విరుచుకుపడి, కాస్త తెరిపిన పడి, మళ్లీ విరుచుకుపడాలి. ఆ పేలుడుకు ఒళ్లు వాడుకునేది ఎక్కువగా ఈ చక్కెరనే. మొదటి నిమిషంలో పులిలా ఉన్నవాడు రెండో నిమిషంలో చల్లబడటానికి కారణం భయం కాదు, టెన్షన్ కాదు, ఖాళీ ట్యాంకు.

కొవ్వు లెక్క వేరు. కిలో కొవ్వులో దాదాపు 7,700 క్యాలరీలుంటాయి. రోజుకు 500 క్యాలరీలు తక్కువ తింటే వారానికి అరకిలోకు కాస్త తక్కువగా కరుగుతుంది. అంటే మూడు కిలోల కొవ్వుకు ఆరేడు వారాలు కావాలి. వారం ముందు మేల్కొన్నవాడు కొవ్వు తగ్గించుకోలేడు, అది లెక్కకే కుదరదు. ఆ తొందరలో పస్తులుంటే ఒళ్లు కండను కరిగించి వాడుకుంటుంది. ఏడాది పాటు బస్కీలు, దండాలు తీసి కట్టుకున్న కండ.

పేగుల్లో తిండి సంగతి కాసేపయ్యాక చెప్తాను. ఐదింటిలో నష్టం లేకుండా త్వరగా తగ్గించుకోగలిగిన సరుకు అదొక్కటే.

ప్రాణాలు పోయిన చోట మారిన రూల్స్

చెమట కోసం ఒళ్లు ఉడకబెట్టుకోవడం ఎంత ప్రమాదమో అమెరికా వాళ్లకు 1997లో తెలిసొచ్చింది. ఆ ఏడాది చివర, నెల రోజులకు కాస్త అటూ ఇటుగా, ముగ్గురు కాలేజీ కుస్తీ ఆటగాళ్లు బరువు దించుకునే ప్రయత్నంలోనే చనిపోయారు. నీళ్లు మానుకోవడం, గాలి ఆడని దుస్తులు, వేడిలో కసరత్తు. వాళ్లు చేసింది కూడా ఇదే. ఆ తర్వాత అక్కడి కాలేజీ పోటీల్లో రబ్బరు సూట్లు, ఆవిరి గదులు నిషేధించారు. తూకాన్ని పోటీకి దగ్గరగా జరిపారు. వారానికి ఒంటి బరువులో 1.5 శాతానికి మించి తగ్గకూడదని నియమం పెట్టారు. 2015 డిసెంబరులో చైనాకు చెందిన 21 ఏళ్ల ఎంఎంఏ (మిక్స్‌డ్ మార్షల్ ఆర్ట్స్) ఆటగాడు ఇలాగే చనిపోయాక, ఆ పోటీలు నడిపే వన్ ఛాంపియన్‌షిప్ సంస్థ ఒళ్లు ఎండబెట్టుకుని బరువు తగ్గడాన్నే నిషేధించి, మూత్ర పరీక్ష పెట్టింది. ఒంట్లో సరిపడా నీళ్లున్నాయని తేలితేనే ఆ తూకం చెల్లుతుంది.

అక్కడ వేడి గది కట్టుకోవాలి. మన పాలమూరులో, నల్లగొండలో మే నెలలో గది అవసరం లేదు, బయటే 43, 44 డిగ్రీలు. ఆ ఎండలో ప్లాస్టిక్ కవర్ తొడుక్కుని పరుగెత్తే పిల్లవాడిని చూసి ఊరుకోవడం నాకు చేతకాదు. వడదెబ్బ కొట్టడానికి అరగంట చాలు.

ఈ మాట చెబితే పిల్లలు వెంటనే కుస్తీ ఆటగాడు అమన్ సెహ్రావత్‌ను ముందుకు తెస్తారు. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో రాత్రికి రాత్రి పది గంటల్లో 4.6 కిలోలు తగ్గి కంచు పతకం తెచ్చాడు కదా సార్ అని. తెచ్చాడు. అతనికి 21 ఏళ్లు, రాత్రంతా పక్కన కోచ్‌లున్నారు, వెనక వైద్య బృందం ఉంది. అదే ఒలింపిక్స్‌లో వినేశ్ ఫొగాట్ కథ కూడా ఉంది, దాన్ని పిల్లలు సగమే గుర్తు పెట్టుకున్నారు. 100 గ్రాముల వల్ల ఫైనల్ పోయిందని అందరికీ తెలుసు. ఆ 100 గ్రాములు ఎక్కడివో చూడాలి.

కుస్తీ రెండు రోజుల పోటీ, రెండు రోజులూ పొద్దున తూకం ఉంటుంది. మొదటి రోజు ఆమె 50 కిలోల లోపే తూగింది. మూడు బౌట్లు గెలిచింది, మొదటిది సాక్షాత్తు ఒలింపిక్ ఛాంపియన్ యుయి సుసాకి మీద. మధ్యలో శక్తి కోసం ఏదో ఒకటి తినక, తాగక తప్పదు. సాయంత్రానికి బరువు రెండున్నర కిలోలకు పైగా పెరిగిపోయింది. ఎండిన నేల మీద వాన పడితే చుక్క బయటకు పోకుండా ఇంకిపోయినట్టు, ఎండబెట్టిన ఒళ్లు లోపలికి వచ్చిన ప్రతి చుక్కనూ పట్టుకుంటుంది, చెమటగా కూడా వదలదు. రాత్రంతా నిద్ర లేకుండా కసరత్తు చేసినా, జుట్టు కత్తిరించినా ఆ చివరి 100 గ్రాములు దిగలేదు. ఆమె రియోలో ఆడింది 48లో, టోక్యోలో 53లో. పారిస్‌కు 53లో దారి లేక 50కి దిగాల్సి వచ్చింది. నా లెక్కలో అసలు కథ అక్కడ మొదలైంది, ఆ రాత్రి కాదు.

విభాగం ఎంచుకోవడమే సగం ఆహారం

మన వైపు జాతర కుస్తీల్లో కాంటా ఉండదు. పెద్దమనుషులు ఇద్దరిని పక్కపక్కన నిలబెట్టి, భుజాలు చూసి, "జోడీ కుదిరింది" అంటారు. బరువు విభాగాలు పుట్టింది కూడా అందుకే, జోడీ కుదరాలని. అందరూ ఒంట్లో నీళ్లు తోడేసుకుని కింది విభాగంలోకి దిగితే మళ్లీ అందరూ సమానమే, కాకపోతే అందరూ నీరసంగా సమానం. ఎవరికీ లాభం లేని పందెం ఇది.

పద్దెనిమిది నిండని పిల్లలకు నేను చెప్పేది ఒకటే. పోటీ కోసం బరువు తగ్గొద్దు. ఎముకలు పెరిగే వయసు, ఎత్తు పెరిగే వయసు. 58న్నర ఉన్నవాడు 60లో దిగాలి. మొదటి ఏడాది ఓడిపోతే ఓడిపోనీ. పెద్దవాళ్లయితే, మామూలుగా ఉండే బరువుకు మూడు నాలుగు శాతం లోపల విభాగం ఉంటేనే దిగడం గురించి ఆలోచించాలి, అది కూడా రెండు నెలల ముందు నుంచి.

మన వంటింట్లో ఏముంది

పాత తాలీంల్లో, అంటే కుస్తీ నేర్పే చోట్ల, బాదం, నెయ్యి, చెంబుడు పాలు అనేవారు. వాళ్లకు కాంటా భయం లేదు, వేలకొద్దీ బస్కీలు తీసేవారు. అది చూసి ఇప్పటి పిల్లల తల్లులు "మాకు బాదం కొనే తాహతు లేదు సార్" అని చిన్నబోతారు. అవసరమే లేదు. వనపర్తి, నాగర్‌కర్నూల్, గద్వాల చేలల్లో పండే పల్లీల్లో వంద గ్రాములకు దాదాపు 24 గ్రాముల ప్రొటీన్ ఉంది. బాదంలో ఉన్నదానికి ఏమీ తీసిపోదు.

పోటీ ఆటలు ఆడేవాళ్లకు కిలో ఒంటి బరువుకు రోజుకు సుమారు 1.6 నుంచి 2 గ్రాముల ప్రొటీన్ కావాలి. 60 కిలోల వాడికి దాదాపు వంద నుంచి 120 గ్రాములు. వినడానికి భయపెడుతుంది, లెక్క వేస్తే మన వంటే సరిపోతుంది. నాలుగు కోడిగుడ్లలో 24 గ్రాములు. అర లీటరు పాలల్లో 16. గుప్పెడు గుప్పెడుగా 50 గ్రాముల పల్లీల్లో 12. వంద గ్రాముల పప్పులో 22. నాలుగు జొన్నరొట్టెలకు పట్టే 250 గ్రాముల పిండిలో 25. పూటకు సరిపడా 150 గ్రాముల బియ్యంలో 12. కలిపితే 111. ఆదివారం కోడి కూర అదనం. పిండి పదార్థాలు కిలోకు 5, 6 గ్రాములు, అంటే రోజుకు 300 పైన కావాలి. ఆ రొట్టెలు, అన్నంతోనే దాదాపు అంత వచ్చేస్తుంది, రెండు అరటిపండ్లు చేరితే నిండిపోతుంది.

జొన్నరొట్టె గురించి ఒక మాట ఎక్కువ చెప్తాను, నాకది ఇష్టం. మా అమ్మ వేడినీళ్లతో పిండి కలిపి, అరచేతి మడమతో ఒత్తి ఒత్తి పిసికి, పీట మీద చప్పుడు చేస్తూ తట్టేది. పెనం మీద వేసి తడిగుడ్డతో పైన నీళ్లు అద్దేది. దాంట్లోకి పుంటికూర పప్పు, పల్లీల పొడి. జొన్నలో ప్రొటీన్ బియ్యం కంటే కొంచెం ఎక్కువ, పీచు చాలా ఎక్కువ, ఆకలి నిదానంగా వేస్తుంది. దానికి పప్పో బబ్బెర్లో తోడైతే, జొన్నలో తక్కువగా ఉండే లైసిన్ అనే ప్రొటీన్ ముక్క పప్పులోంచి వస్తుంది. సైన్సు తెలియకుండానే మనవాళ్లు కుదిర్చిన జోడీ అది. హాస్టల్ పిల్లలకు రొట్టె దొరకదు, అన్నం, పల్చటి చారు దొరుకుతాయి. వాళ్లకు నేను చెప్పేది గుడాలు. రాత్రి నానబెట్టిన బబ్బెర్లో శనగలో ఉడికించి, ఉల్లిగడ్డ వేసి, నిమ్మకాయ పిండి, సాయంత్రం ప్రాక్టీసు అయిన గంటలోపు ఒక గిన్నె. ప్రొటీన్ మొత్తం ఒక పూటే తినడం కంటే నాలుగు పూటలకు పంచితే కండకు ఎక్కువ ఒంటబడుతుంది.

నీళ్ల విషయంలో నల్లగొండ వాళ్లకు ప్రత్యేకంగా చెప్పాలి. ఫ్లోరైడ్ మన జిల్లాలో ఎన్ని నడుములు వంచిందో మర్రిగూడ, మునుగోడు వైపు వెళ్తే ఇప్పటికీ కనిపిస్తుంది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదన్న పరిమితి మామూలుగా నీళ్లు తాగే మనిషిని దృష్టిలో పెట్టుకుని చెప్పింది. కసరత్తు చేసే పిల్లవాడు రోజుకు నాలుగైదు లీటర్లు తాగుతాడు, కాబట్టి బోరు నీళ్లయితే వాడి ఎముకల్లోకి రెండింతలు చేరుతుంది. గ్రౌండ్ దగ్గర బోరుంది కదా అని బాటిల్ నింపుకోవద్దు. ఇంటి నుంచి మిషన్ భగీరథ నల్లా నీళ్లు తెచ్చుకోండి.

చివరి రెండు రోజులు, ఆ రెండు గంటలు

ఇప్పుడు పేగుల సంగతి. జొన్నలో వంద గ్రాములకు 10 గ్రాముల పీచు ఉంటుంది. అది నీటిని పట్టుకుని పేగుల్లో బరువుగా ఉంటుంది. ఏడాదంతా అది మేలే. తూకానికి ముందు రెండు రోజులు మాత్రం రొట్టె, ఆకుకూర, గుడాలు పక్కన పెట్టి తెల్లన్నం, పెరుగు, గుడ్లు, అరటిపండు తింటే, కడుపు నిండా తిన్నా పేగుల్లో సరుకు తగ్గి అరకిలో దాకా తేడా వస్తుంది. ఏడాదంతా జొన్నరొట్టెను మెచ్చుకునే నేనే ఆ రెండు రోజులు తెల్లన్నం తినమంటే తల్లులు విచిత్రంగా చూస్తారు. ఆవకాయ, అప్పడాలు, మిక్చర్ లాంటి ఉప్పు సరుకులు కూడా ఆ రెండు రోజులు తగ్గించాలి, ఉప్పు నీటిని నిలబెడుతుంది. ఆ నాలుగొందల గ్రాములు ఇక్కడే పోయేవి. చెమట చుక్క అవసరం లేదు.

తూకం అయ్యాక బౌట్‌కు సాధారణంగా రెండు గంటలుంటాయి. మొదట నీళ్లు, కానీ ఉత్త నీళ్లు కాదు. పోయిన ప్రతి కిలోకు ఒకటింబావు నుంచి లీటరున్నర దాకా తాగాలి, ఒక్కసారి కాదు, గుక్కలు గుక్కలుగా. ఓఆర్‌ఎస్ పొడి దీనికి పుట్టిందే. ఉప్పు, చక్కెర సరైన పాళ్లలో కలిస్తే పేగు నీటిని త్వరగా లాక్కుంటుంది. నల్లగొండ బత్తాయి రసంలో నీళ్లు కలిపి చిటికెడు ఉప్పు వేసుకున్నా మంచిదే. ఉత్త నీళ్లే లీటర్లకొద్దీ తాగితే రక్తంలో సోడియం పలచబడుతుంది, అది ఇంకో ప్రమాదం. తర్వాత కిలో ఒంటి బరువుకు గంటకు ఒక గ్రాము చొప్పున పిండి పదార్థం: మెత్తటి పెరుగన్నం, అరటిపండు, ఇడ్లీ, బెల్లం ముక్క. నూనె, మసాలా, మాంసం ఆ రెండు గంటల్లో అరగవు. కొవ్వు కడుపును నెమ్మదిగా ఖాళీ చేయనిస్తుంది, బిర్యానీ అందుకే తిరిగొచ్చింది. బిర్యానీ సాయంత్రం తినొచ్చు, గెలిచినా ఓడినా.

ఆడపిల్లల తల్లిదండ్రులకు

బాక్సింగ్‌లో, కుస్తీలో మన ఆడపిల్లలు ముందుకొస్తున్నారు, నిజామాబాద్ నుంచి నిఖత్ జరీన్ రెండుసార్లు ప్రపంచ ఛాంపియన్ అయ్యాక మరీను. వాళ్లకు ఆకలి చేసే నష్టం ఇంకా ఎక్కువ. తెలంగాణలో సగానికి పైగా ఆడవాళ్లకు రక్తహీనత ఉంది. రక్తం తక్కువైతే ఊపిరి తక్కువైనట్టే. ప్రాక్టీసులో త్వరగా ఆయాసపడే అమ్మాయిని బద్ధకం అని తిట్టే ముందు హిమోగ్లోబిన్ పరీక్ష చేయించండి. వారానికోసారి కార్జం, రోజూ తోటకూర, అన్నంలో నిమ్మకాయ లేదా ఉసిరి, భోజనం చేసిన గంటదాకా చాయ్ వద్దు. చాయ్ ఇనుమును ఒంటికి పట్టనివ్వదు.

ఇంకొకటి, మన ఇళ్లలో బయటకు అనని మాట. నెలసరి ఆగిపోతే "ఆటలాడుతోంది కదా, మామూలే" అనుకుంటారు. మామూలు కాదు. చేసే కసరత్తుకు సరిపడా తిండి అందక, ఒళ్లు ఒక్కో పనినే కట్టేస్తోందని దాని అర్థం. 2014లో అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ దీనికి ఒక పేరు పెట్టి హెచ్చరించింది, మగపిల్లలకూ ఇది వస్తుందని చెప్పింది. తర్వాతి మెట్టు ఎముకలు పలచబడి పగుళ్లు రావడం. మూడు నెలలు రాకపోతే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి.

డబ్బాల పొడుల గురించి ఎక్కువ చెప్పను. అర లీటరు పాలు, రెండు గుడ్లు చేసే పనే అవీ చేస్తాయి, పైగా లోపల ఏం కలిసిందో తెలియదు. మెడికల్ షాపులో అడిగితే ఇచ్చే, మూత్రం ఎక్కువ పోయే మాత్రల గురించి మాత్రం గట్టిగా చెప్తాను. ఫ్యూరోసెమైడ్ లాంటివి అన్నీ డోపింగ్ నిషేధ జాబితాలో ఉన్నాయి, పోటీ ఉన్నా లేకపోయినా. సీనియర్ ఇచ్చాడు, నాకు తెలియదు అంటే డోపింగ్‌ను పట్టుకునే జాతీయ సంస్థ నాడా వినదు. ఒంట్లో దొరికిందా, బాధ్యత ఆడేవాడిదే. ఆ మాత్రలతో ఒంట్లో పొటాషియం పడిపోతే గుండె లయ తప్పుతుంది, అది నిషేధం కంటే పెద్ద మాట.

ఆ అబ్బాయిని మరుసటి ఏడాది 60లో దించాం. వాళ్ల నాన్నతో ఒక పూట కూర్చుని ఇదంతా మాట్లాడాను. ఆయన ఇంట్లో ఓ నోటుబుక్కు పెట్టాడు, రోజూ పొద్దున కొడుకు బరువు, తిన్నది రాస్తాడు. పోటీ రోజు కాంటా 59.2 చూపించింది. బయట ఆయన స్టీలు టిఫిన్‌లో పెరుగన్నం, బాటిల్‌లో ఓఆర్‌ఎస్ పట్టుకుని నిలబడ్డాడు. పిల్లవాడు గుంజకు ఆనుకుని కూర్చుని నిదానంగా తిన్నాడు. సెమీస్‌లో రెండు పాయింట్ల తేడాతో ఓడి మూడో స్థానంతో సరిపెట్టుకున్నాడు. ఆ బౌట్ చివరి అరనిమిషంలో కూడా అవతలివాడి కాళ్ల కోసం దూకుతూనే ఉన్నాడు.